పెద్ద తెర మీద అత్త ముఖం

ఆ లాప్‌టాప్ వచ్చిన రోజు మేనక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరిగింది. పద్దెనిమిది అంగుళాల తెర. మూత తెరిస్తే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్ల నిండిపోయింది. నీళ్ల చెంబు, దువ్వెన, మొగుడి వ్యాను తాళాలు అన్నీ కిటికీ గూట్లోకి పోయాయి. దాని చార్జరే ఇటుకంత ఉంది.

"ఏమే, ఇది లాప్‌టాపా, టీవీయా?" అన్నాడు వినోత్. అతను ఒట్టన్‌చత్రం మార్కెట్టు నుంచి కోయంబత్తూరుకు కూరగాయల వ్యాను తోలుతాడు.

"మనది కాదు. చూసి చెప్పేదానికి పంపినారు. మళ్లీ ఇచ్చేయాల."

చూసి చెప్పడం మేనకకు రెండో పని. మొదటి పని తిరుప్పూరులో. పసిపిల్లల బనియన్ల మీద అచ్చువేసే బొమ్మలు గీస్తుంది: ఏనుగులు, మామిడికాయలు, గొడుగు పట్టిన కప్పలు. సెలవు దొరికితే పెళ్లి ఆల్బములు చేస్తుంది. ఈ పనులకు ఏ కంప్యూటరు పనికొస్తుందో, ఏది పనికిరాదో తమిళంలో చెప్పే చిన్న చానెల్ ఒకటి నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధంతా తెలుగు, బడిలో మాత్రం తమిళం. తెలుగులో తన పేరు కూడా రాసుకోలేదు. ఆ చానెల్ చూసేవాళ్లు కొద్దిమందే అయినా ఆమె మాట నమ్ముతారు. బాగాలేనిదాన్ని బాగాలేదని మొహమాటం లేకుండా చెప్తుందని పేరు. ఆ పేరు విని చెన్నై నుంచి నవనీతకృష్ణన్ అనే ఆయన ఫోన్ చేశాడు. కొత్త లాప్‌టాపు ప్రచారం ఆయన చేతిలో ఉంది. కొన్నాళ్లు వాడి చూడండి, తోచింది చెప్పండి అన్నాడు.

మేనక నిజంగానే వాడి చూసింది. తన పాత లాప్‌టాపులో కుంకుమ ఎరుపుగా కనిపించే రంగు గుడ్డ మీద అచ్చయ్యేసరికి ఇటుక రంగుకు తిరిగేది. దీని తెర మీద చూసిన ఎరుపే గుడ్డ మీద దిగింది. బొమ్మ మొత్తం ఒక పక్క, రంగుల పట్టీ ఒక పక్క పెట్టుకుని గీస్తుంటే, ఇన్నాళ్లూ ఇరుకు గదిలో ముడుచుకుని పడుకుని ఇప్పుడు కాళ్లు చాపుకున్నట్టు ఉంది. కానీ తిరుప్పూరు బస్సులో దాన్ని ఒళ్లో తెరవడం కుదిరే పని కాదు. ముందు సీటు వీపుకు తగిలి మూత సగమే లేచేది. కరెంటు పోతే చార్జి ఇట్టే దిగిపోయేది. సాయంత్రాలు వినోత్ దాని మీద కారు పందెం ఆడేవాడు. ఆట మొదలైన కాసేపటికి లోపలి ఫ్యాను పిండిమర లాగా హోరెత్తేది.

"నా వండి ఇట్ల తిరిగితే ఎంత బాగుండు!" అని తన వ్యానును తలుచుకుని నవ్వేవాడు. మేనక కూడా ఒకటి రెండు సార్లు ఆడి, కారును చెట్టుకు గుద్ది, ఫ్యాను హోరు ఎంత వస్తుందో రాసుకుంది.

ఇక మిగిలింది ఫోటోల పని. ముఖాల మీద మచ్చలు తీసి శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. కంపెనీవాళ్లు ఇచ్చిన నమూనా ఫోటోల్లో అందరివీ నున్నటి ముఖాలే. వాటి మీద చూస్తే ఏం తెలుస్తుంది? దానికి పరీక్ష పెట్టే ముఖం ఒకటి కావాలనుకుంది. వెతుక్కోవలసిన పని లేకపోయింది. చెల్లెలు ఇందుజ పెళ్లిలో తను తీసిన అత్త ఫోటో గుర్తొచ్చింది.

మేనక నాన్నకు అక్క తిరుమలమ్మాళ్. పక్క సందులో ఒంటరిగా ఉంటుంది. పిల్లల బాల్వాడీలో వంట చేస్తుంది. వయసులో ఉండగా ఆమెకు బొల్లి వచ్చింది. నోటి చుట్టూ, ఎడమ కంటి పక్కన, రెండు చేతుల మీద తెల్లమచ్చలు. పెళ్లికి చూడవచ్చినవాళ్లు వెనక్కి పోయారు, తర్వాత ఎవరూ రాలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ తెల్లవారకముందే వీధులు ఊడ్చే పనికి వెళ్లిపోతే, మేనకకు జడ వేసింది, సద్ది కట్టింది, చేయి పట్టుకుని బడికి నడిపించింది అత్తే. చిన్నప్పుడు మేనక ఆమె చేతుల మీది మచ్చలను వేలితో చుట్టి, ఇది చెరువు, ఇది మేక అని పేర్లు పెట్టేది. అత్త ఏనాడూ ముఖం దాచుకున్న మనిషి కాదు. కల్యాణాల్లో ముందు వరసలో కూర్చుని గట్టిగా నవ్వేది. ఆ ఫోటోలోనూ అలాగే నవ్వుతోంది, ఎండ ముఖం మీద పడుతుండగా.

మేనక ఆ ఫోటో మీద ప్రోగ్రాం నడిపింది. కన్ను మూసి తెరిచేలోగా మచ్చలు పోయాయి. నున్నటి చామనఛాయ ముఖం, అదే నవ్వు. మేనకకు సంబరమేసింది. తను చేతితో చేస్తే ఒక పూట పట్టే పని. ఆ ఉత్సాహంలోనే వీడియో చేసింది. తెరను రెండుగా చీల్చి, ఒక పక్క అత్త అసలు ముఖం, రెండో పక్క శుభ్రమైన ముఖం పెట్టింది. "చూడండి, ఎంత కష్టమైన ముఖమో! ఒక్క క్షణంలో ఎట్లా క్లీన్ చేసిందో!" అని తమిళంలో చెప్పింది. బరువు సంగతి, ఫ్యాను హోరు, బస్సు సంగతి కూడా చెప్పింది. అత్తను అడగాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అత్త తన మనిషి. తన మనిషిని అడిగేదేముంది?

ఆ చానెల్‌లో ఎన్నడూ లేనంత మంది చూశారు ఆ వీడియోను. నవనీతకృష్ణన్ ఫోన్ చేసి, "ఆ ముఖం భాగమే అందరికీ పట్టింది మేడం. వీడియో ఇలాగే ఉంచండి, లాప్‌టాపు మీ దగ్గరే పెట్టుకోండి, మా కానుక" అన్నాడు. మేనక బల్ల ముందు కూర్చుని ఆ పెద్ద తెర అంచును అరచేత్తో తుడిచింది. నాదే, అనుకుంది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం, తిరుప్పూరు నుంచి తొందరగా వచ్చిన మేనకకు బస్టాపులో అత్త కనిపించింది. మండే ఎండ. అత్త కొంగును ముక్కు మీదికి లాక్కుని, చివర పళ్లతో పట్టుకుని నిలబడి ఉంది. చేతులు సంచి కింద దాచుకుంది. మొదట ఎవరో అనుకుని మేనక దాటిపోబోయింది.

"ఏం అత్తా, ఒళ్లు బాగలేదా?"

"బాగుండాది. దుమ్ము పాపా."

రోడ్డు మీద దుమ్ము లేదు. మేనక ఇంటి దాకా వెంట నడిచింది. లోపలికి వెళ్లాక కూడా అత్త కొంగు తీయలేదు. గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చి, గోడ వైపు చూస్తూ చెప్పింది.

"బాల్వాడీకాడ పిల్లల అమ్మలు అడుగుతుండారు పాపా. ఫోటోకని ఏం మందు పూసినావు, ఏ డాక్టరు, మాకూ చెప్పు అని. నాకి ఏం తెలుసు? ఒకామె ఫోను తీసి చూపించె. నేనే. మచ్చ లేకుండా ఉండా. మందు లేదమ్మా, అది మిషను చేసింది అని ఒక్కొక్కరికీ చెప్తుండా. చెప్పినాక నా మొగం చూసి, అయ్యో పావం అంటుండారు. ముందు ఎవురూ అట్ల అనలే."

మేనక గ్లాసు ఎత్తి, తాగకుండానే దించింది.

"నీ గొంతు కూడా విన్నాను. కష్టమైన మొగం అంటివి." అత్త గొంతులో కోపం లేదు. బియ్యంలో రాయి ఉందని చెప్పినంత మామూలుగా అంది. "అంత కష్టమా పాపా, నాది?"

"అట్ల కాదు అత్తా... మిషనుకి కష్టం అని..." అంటుండగానే తన మాట తనకే చప్పగా తోచింది. మిగిలింది మింగేసి, గ్లాసు కింద పెట్టి వచ్చేసింది.

ఇంటికి వెళ్లగానే వీడియో తీసేయాల్సింది. తీసేయలేదు. మరుసటి రోజు నవనీతకృష్ణన్‌కు ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కా కోసేస్తానంది. "అది కోస్తే ఇంకేముంది మేడం? అప్పుడు లాప్‌టాపు పంపించేయండి" అన్నాడాయన, మర్యాదగానే. ఆలోచించి చెప్తానంది మేనక. ఆలోచిస్తూ కొత్త బొమ్మలు గీసింది. ఎరుపు చక్కగా దిగుతోంది. గీస్తున్నంతసేపూ కొంగు పళ్లతో పట్టుకున్న మనిషే కళ్ల ముందు మెదులుతోంది. అయినా చేయి వీడియో తీసేసే బటను మీదికి పోలేదు. తన మీద తనకే అసహ్యం వేసి మూత వేసేది. కాసేపటికి మళ్లీ తెరిచేది.

వినోత్ ఆటలు మానేశాడు. ఎందుకని అడిగితే, "నువ్వు ఒకసారి అత్తని అడుగు. నన్ను అడిగి ఏం చేస్తావు?" అన్నాడు.

అడగడానికే వెళ్లింది. తను దేని కోసం వెళ్తోందో దారిలోనే తనకు తెలుసు. అత్త పోనీలే అంటే ఆ మాట తెచ్చుకుని హాయిగా ఉండాలని. లాప్‌టాపు సంగతి అంతా చెప్పి, ఆ వీడియో ఉంటే అది తనదవుతుందని కూడా చెప్పేసింది.

అత్త చింతపండు పిసుకుతోంది. తల ఎత్తలేదు.

"ఉండనీ కన్నా. నీకి ఆ పెట్టె కావాల కదా. నాది ఏముంది, ముసలిదాన్ని."

మేనకకు కావలసిన మాట దొరికింది. తీసుకుని ఇంటికి వచ్చింది. అన్నం ముందు కూర్చుంది. బడికి నడిపించే రోజుల్లో దారిలో పుల్ల ఐసు కావాలని మారాం చేస్తే, అత్త తన టీ మానుకుని కొనిపెట్టేది, "నాకి వద్దులే, నువ్వు తిను" అనేది. ఆ గొంతే ఇది. అప్పుడు తీసుకున్నట్టే ఇప్పుడూ చేయి చాపి తీసుకుంది. చేయి కడుక్కుని వెళ్లి, నిలబడే వీడియో తీసేసింది. ఆ ఫోటో, శుభ్రం చేసిన ఫోటో, రెండూ చెరిపేసింది. ఎక్కడా మిగలకూడదని పాత పెన్‌డ్రైవు కూడా వెతికి తుడిచింది.

మళ్లీ చిన్న వీడియో ఒకటి చేసింది. తెర మంచిది, రంగులు నమ్మొచ్చు, చిన్నాచితకా ఆటలకు ధారాళంగా చాలు, మోసుకు తిరిగేవాళ్లు కొనొద్దు అంది. ముందటి వీడియోలో మా అత్త ముఖాన్ని ఆమెను అడగకుండా వాడాను, తప్పు చేశాను అని కూడా చెప్పింది. చూసినవాళ్లు కొద్దిమందే. లాప్‌టాపును అట్టపెట్టెలో సర్ది పంపేసింది. బల్ల మీదికి చెంబు, దువ్వెన తిరిగొచ్చాయి.

ఆ సంగతి చెప్పడానికి బాల్వాడీకి వెళ్లింది. అత్త గంజి కలుపుతోంది, పిల్లలు పళ్లాలు పట్టుకుని చుట్టూ చేరారు. వాళ్ల ముందు కొంగు భుజం మీదే ఉంది. గుమ్మంలో మేనకను చూడగానే చేయి కొంగు మీదికి పోయింది.

"తీసేసినాను అత్తా. పెట్టె కూడా పంపేసినాను. ఆ ఫోటోలన్నీ చెరిపేసినాను."

అత్త గరిటె ఆపింది. "అన్నీనా?"

"అన్నీ."

"ఆ నున్న మొగంది ఒకటి నాకి తీసిపెట్టు అని అడగాలనుకుంటి." మళ్లీ గరిటె తిప్పింది. "చుమ్మా, ఊరికే చూసుకునేదానికి. మచ్చలు రాకపోతే ఎట్ల ఉంటానో ఎన్నడూ చూడలే కదా. ఎవురికీ చూపించను. సరి, పోనీ."

మేనక గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మొదట అడగకుండా చేసింది. దిద్దుకోవడమూ అడగకుండానే చేసింది. ఆ ముఖాన్ని ఆమెకు చూపించింది తనే, ఆమె చేతి నుంచి లాగేసుకున్నదీ తనే. క్షమించు అందామనుకుంది, ఆ మాట చాలా చిన్నదిగా తోచింది.

"ఇప్పుడు ఏం చేయాల్నో నువ్వే చెప్పు అత్తా. ఇంకో ఫోటో తీసి అట్ల చేయమంటావా? నా పాత దాంట్లో చేతితో చేస్తాను. ఒక పూట పట్టినా చేస్తాను."

అత్త పిల్లలందరికీ గంజి పోయడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ముందు ఒకటి తియ్యి. చూసి చెప్తా."

మేనక ఫోను ఎత్తింది. అత్త నవ్వలేదు. కిటికీ వెలుగులో కొంచెం బిగుసుకుని, ఇంకా కోపం ఉన్న పిల్ల లాగా నిలబడింది. తీసిన ఫోటోను మేనక చేతి నుంచి అందుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. నోటి దగ్గర, కంటి పక్కన, మచ్చ అంచుల వెంబడి వేలితో జరుపుతూ చూసింది.

"ఇది ఇట్లే ఉండనీ," అంది ఫోను తిరిగి ఇస్తూ. "ఎవురికీ పంపొద్దు."

"పంపను అత్తా."

"నున్నది వేరేగా ఇంకొకటి చెయ్యి. నిదానంగా చెయ్యి, తొందర లేదు."

సాయంత్రం ఇంటికొచ్చి మేనక పాత లాప్‌టాపు ముందు కూర్చుంది. ఆ చిన్న తెర మీద ముఖం అంతా ఒకేసారి పట్టదు. కంటి పక్క మచ్చ దగ్గర మొదలుపెట్టింది. రంగు కుదరక చెరిపి, మళ్లీ పూసింది. తెలుపు మీద గోధుమ రంగు వేసిన ప్రతిసారీ అసలు ఫోటోను మళ్లీ తెరిచి చూసుకుంది.