పందిట్లో పడని అడుగులు

మా ముత్తాత ఓబులయ్య ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ల తగాదాలు తీర్చినవాడు. తాత మాట ఇస్తే ఎవరూ కాగితం అడిగేవారు కాదు. మా నాయన నంద్యాల కోర్టులో సాక్ష్యానికి నిలబడితే ఎదుటి వకీలు కూడా గొంతు తగ్గించేవాడు. ఆ ముగ్గురి పరువునూ ఒక్క అబద్ధానికి వాడుకున్నాను. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు అదే. ఇది చదువుతున్న మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. భూ సీలింగు చట్టం కింద మా భూమి చాలావరకు పోయింది. నా భార్య సుశీల శిరివెళ్ల బడిలో టీచరుగా చేరింది. మా ఇంటి కోడలు జీతానికి పోవడమా? బడో, ఇల్లో తేల్చుకోమన్నాను. బడి అంది. విడిపోవడానికీ ఒప్పుకుంది. కానీ మా వంశంలో విడాకులు లేవు. అవి నాతో మొదలుకావడం నాకు ఇష్టం లేదు.

అసలు పెళ్లే చెల్లదని తీర్పు వస్తే విడాకుల మాటే ఉండదన్నాడు నంద్యాల వకీలు.

"పందిట్లో ఏడడుగులు పడినాయా?"

"మా ఇండ్లలో పడవప్పా."

నిజమే. మేనమామ పెళ్లికూతుర్ని ఎత్తుకొచ్చి పీట మీద కూర్చోబెడతాడు. తాళి, తలంబ్రాలు అయ్యాక ఎత్తుకునే లోపలికి తీసుకుపోతాడు. మా కోడలు పందిట్లో నేల తొక్కదు. అది మా గొప్ప. ఆచారం అదే కాబట్టి పెళ్లి చెల్లుతుంది. చెల్లకూడదంటే, ఏడడుగులు మా ఆచారమేననీ, నా పెళ్లిలో మాత్రం తప్పిపోయాయనీ నేను ప్రమాణం చేసి చెప్పాలి.

వాయిదా రోజు కోర్టు వరండాలో సుశీల నన్ను ఆపింది.

"విడిపోదామంటే సంతకం పెడతా గదా. పెండ్లే కాలేదంటే ఇన్నాళ్లూ మీ ఇంట్లో నేను ఏమై ఉన్న్యట్ల?"

"వకీలు చెప్పినట్ల చేస్తాండా."

"మీయమ్మ నడిచిందా ఏడడుగులు? యాడుంది ఆయమ్మ? పిల్చకరాండి, చెప్తాది."

"అమ్మకు బాగలేదు."

"అనుకున్యా, ఈ పొద్దే ఆమెకు జరమొస్తాదని."

అమ్మ ఆ పొద్దు ఆళ్లగడ్డలో మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతోంది. పిలిస్తే నిజమే చెప్పేది. అందుకే పిలవలేదు.

బోనెక్కి, వకీలు చెప్పమన్నట్టే ప్రమాణం చేసి చెప్పాను. సుశీలను తానే ఎత్తుకొచ్చాననీ, ఆ ఇంటి ఆచారమే అదనీ ఆమె మేనమామ చెప్పాడు. మా పేరు ముందు ఆయన మాట నిలవలేదు. పెళ్లి చెల్లదన్నారు. పెళ్లి లేకుండా ఒకడితో కాపురం చేసిందని శిరివెళ్లలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఆమెను ఖాళీ చేయించారు.

ఏం చెబుతున్నానో ఆ బోనులో నాకు తెలియదా? తెలుసు. ఏడడుగులు లేనిదే మా ఇంట పెళ్లి కాదంటే మా అమ్మదీ కాదు, నాయనమ్మదీ కాదు. వంశానికి ఒక్క మచ్చ పడకూడదని, నేను తలెత్తి చెప్పుకునే ముత్తాత, తాత, నాయనల పెళ్లిళ్లనూ నా నోటితో నేనే కొట్టేశాను. తీర్పు గురించి అమ్మ ఒక్క మాటా అడగలేదు. విన్నదా? విన్నదనే నా నమ్మకం.

క్షమించమని అడగను. క్షమించవలసిన అవసరం సుశీలకు లేదు. పెళ్లి జరిగింది. ఆమె నా భార్య. నేను అబద్ధం చెప్పాను. ఈ మూడు మాటలూ రాశాక ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది.

మా ఇంటి పెళ్లిళ్లన్నీ జరిగిన టేకు పీటల జతను, అమ్మ పోయాక, ఎనభైల్లో, కొలిమిగుండ్ల వ్యాపారికి అమ్మేశాను.