రూతమ్మగారు చెప్పనివ్వని సాక్ష్యం

పొద్దున్నే మా వీధిలో ఖర్జూరపు చెట్ల మట్టలు నరుకుతున్నారు. మస్కట్‌లో ఇది మామూలే. వంటగది కిటికీ తెరవగానే తెగిన మట్టల పచ్చి వాసన లోపలికి వచ్చింది. అది కొబ్బరాకు వాసన కాదు, అందులో దుమ్ము ఎక్కువ. అయినా నాకు కోనసీమలోని మా పెరడు గుర్తొచ్చింది. ఆ పెరట్లో చాప మీద కూర్చుని, చాకుతో కొబ్బరాకు గీకి ఈనెలు తీస్తున్న రూతమ్మగారు గుర్తొచ్చారు. వచ్చే వారం క్రిస్మస్ సెలవుకి ఇంటికి వెళ్తున్నాను. ఆమె లేని ఊరికి వెళ్ళడం ఇదే మొదటిసారి.

ముక్తేశ్వరం దగ్గర మా ఊళ్ళో ఆమెను అందరూ బైబిలమ్మగారు అనేవారు. మందిరం తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం ఆమె పని. కానీ వచ్చీరాగానే సంచిలోంచి బైబిలు తీసేవారు కాదు. ఇంటావిడ ఏ పనిలో ఉంటే ఆ పనిలో సగం తన ముందుకు లాక్కునేవారు. చింతపండు పిక్కలు తీస్తుంటే పిక్కలు, బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే రాళ్ళు. నా భర్త పోయాక అమ్మా, చెల్లి కుమారీ, నేనూ చీపుళ్ళు కట్టి బతికేవాళ్ళం. కాబట్టి మా ఇంట్లో ఆమె ఈనెలు తీసేవారు. "మీరెందుకండీ, చేతులు కోసుకుపోతాయి" అని అమ్మ అంటే, "నేను ఖాళీగా కూర్చుని మాట్లాడితే మీరు పని మానేసి వినాలి. రేపు షావుకారు చీపుళ్ళేవీ అంటే నా పేరు చెప్తారేంటి?" అనేవారు. అమ్మ నవ్వేది.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అప్పటికి నాకు నలభై దాటాయి. పలక పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నానని ఆమె కనిపెట్టారు. ఒకరోజు అప్పుడే తీసిన పచ్చి ఈనెను గుండ్రంగా వంచి నేల మీద పెట్టి, దాని పక్కన చిన్న ముక్క చేర్చారు.

"ఏంటండీ ఇది, జెర్రిలా ఉంది?" అన్నాను.

"జెర్రో తేలో, దీని పేరు అ. పిలువు, పలుకుద్ది."

"ఈ వయసులో నాకెందుకండీ?"

"నాకు కళ్ళు మసకలేసినప్పుడు నువ్వు చదివి పెడతావని. నా స్వార్థం నాదిలే."

ఆ ఎండాకాలమంతా మా పెరట్లో ఈనెలు అక్షరాలయ్యాయి. సాయంత్రానికి వాటిని కట్టలో కలిపేసేవాళ్ళం. మర్నాడు మళ్ళీ కొత్తవి వంచుకునేదాన్ని. వానలు తగ్గేసరికి కూడబలుక్కుని చదవగలిగాను. ఆ తర్వాత ఇంటి పనికి మస్కట్ వచ్చాను. ఇక్కడి తెలుగు సంఘంలో నాలాంటి పనివాళ్ళు చాలామందికి చదువు రాదు. శుక్రవారాలు వాళ్ళకు చదివి వినిపించేదాన్ని. ఆస్పత్రిలో పడినవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని, ఇంటి నుంచి చావు కబురొచ్చినవాళ్ళను ఓదార్చేదాన్ని. కొన్నాళ్ళకు సంఘంవాళ్ళే నన్ను స్త్రీల పరిచర్యకు తీసుకున్నారు.

నేనింకా ఒకరి ఇంట్లో పని చేస్తున్న రోజుల్లోనే అమ్మ పోయింది. దాదాపు ఏడాది మంచంలో ఉంది. చూసుకున్నది కుమారి. కబురొచ్చేసరికి నేను పనిచేసే ఇంటావిడ ఆస్పత్రిలో ఉంది, పసిపిల్లల్ని వదిలి వెళ్ళడానికి యజమాని ఒప్పుకోలేదు. సమాధి దగ్గర ఎవరో ఫోను మైకుకు ఆనించి పట్టుకుంటే ఇక్కడి నుంచే ప్రార్థన చేశాను. చాలాసేపు చేశాను. పెట్టె దింపకుండా అందరూ నిలబడి విన్నారట. పరాయి దేశంలో ఉండి కూడా పెద్దమ్మాయి ఎంత బాగా ప్రార్థించిందో అని ఊరంతా చెప్పుకున్నారట.

మరుసటి డిసెంబరులో నెల సెలవు దొరికింది. మా ఇల్లూ కుమారి ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో దడి ఒక్కటే. నేను ఆటో దిగి సామాను దింపుకుంటున్నా అది బయటికి రాలేదు. సాయంత్రం బైబిలు పట్టుకుని నేనే వెళ్ళాను. ఖర్జూరాలు, చీర అరుగు మీద పెట్టి, "అమ్మ కోసం ఒకసారి ప్రార్థన చేసుకుందామే" అన్నాను.

"ఫోనులో చేసేసేరు కదండీ" అంది. సొంత చెల్లెలు నన్ను అండీ అంది. "ఊరంతా విన్నారు. సరిపోద్ది." చీపురు తీసి నా కాళ్ళ పక్కనుంచే ఊడవడం మొదలుపెట్టింది.

తర్వాత వారం రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకుంది. మస్కట్‌లో ఎంతమందిని ఓదార్చానో, సొంత చెల్లెలి దగ్గర ఒక్క మాట కూడా పనికిరాలేదు. మాట్లాడకుండానే సెలవు అయిపోతే మళ్ళీ రెండేళ్ళకు గాని రాలేను. అప్పటికి ఆ దడి గోడ అయిపోతుందని భయం వేసింది. రూతమ్మగారి దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాను. అప్పటికే ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మంచం మీదే ఎక్కువ ఉండేవారు.

"దాని దగ్గరికి ఏం తీసుకెళ్ళేవు?" అన్నారు.

"ఖర్జూరాలు, చీర, బైబిలు అండి."

"చేతులు తీసుకెళ్ళలేదా?"

ఆమె కర్ర అందుకుని లేచారు. "పద. నేనూ వస్తాను. అక్కడ నోరిప్పేవంటే ఈ కర్రతో కొడతాను."

"ఆయ్" అన్నాను.

కుమారి పెరట్లో ఈనెలు తీస్తోంది. రూతమ్మగారిని చూసి లేచి చాప వేసింది, మంచినీళ్ళు తెచ్చింది. నా వైపు చూడలేదు. ఆమె చాప మీద కూలబడి ఒక చాకు తను తీసుకుని, ఇంకొకటి నాకిచ్చారు. ముగ్గురం పని చేశాం. నా చేతికి అలవాటు తప్పిపోయింది. ఈనెల మీద ఆకు మిగిలిపోతోంది. కుమారి నేను తీసినవి తన ముందుకు లాక్కుని మళ్ళీ గీకింది.

చాలాసేపటికి రూతమ్మగారు, "కుమారీ, అమ్మ ఆఖర్న ఏమైనా తినాలని అడిగిందేంటే?" అన్నారు, ఊళ్ళో సంగతేదో అడిగినట్టు.

"తేగలు అడిగిందండి" అంది కుమారి, చాకు ఆపకుండా. "మన కాలవ లాకుల దగ్గర ఒకడు అమ్మేవాడు. కాల్చి పెట్టమంది. పళ్ళేవీ, నవలడానికి? మెత్తగా దంచి పెట్టేను. అది తేగ రుచి కాదంది, ఉమ్మేసింది. మరింక నేనే నమిలి, పీచు తీసేసి, పిల్లలకి పెట్టినట్టు నోట్లో పెట్టేనండి. రోజూ. వాసనెయ్యట్లేదేంటే నీకు అని అడిగేది. లేదమ్మా అనేదాన్ని."

"వేసేదా?"

"ఎందుకెయ్యదండీ? నోరంతా పుండు కదా ఆవిడకి."

"ఊఁ" అన్నారు రూతమ్మగారు. ఇంకేమీ అనలేదు. దేవుడు నీకు ప్రతిఫలమిస్తాడు అనలేదు, అమ్మ ఇప్పుడు హాయిగా ఉంది అనలేదు. నాకు అలాంటి మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కర్ర ఆమె ఒళ్ళోనే ఉంది. తర్వాత ఏం పెట్టేవు, రాత్రుళ్ళు ఎవరు కూర్చునేవారు అని అడుగుతూ పోయారు. కుమారి చెబుతూ పోయింది. ఏడాది మాటలు ఒక్క పూటలో బయటికి వచ్చాయి. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఏది ఆకో ఏది ఈనో కనబడలేదు.

కుమారి అప్పుడు నా వైపు చూసింది. "ఊరుకో అక్కా. ముందా చాకు ఇలాగియ్యి, వేలు తెగుద్ది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నా గుండె తేలికపడింది. "అమ్మగారూ, ఈ సంగతి క్రిస్మస్ కూడికలో సాక్ష్యంగా చెప్తానండి. విన్నవాళ్ళు ఎవరైనా కదిలిపోతారు" అన్నాను.

ఆమె దారిలోనే ఆగిపోయారు. "చెప్పకు."

"మంచి మాటే కదండీ."

"మంచిదే. నీది కాదు. ఆ పిల్ల నాకు చెప్పుకుంది, నువ్వు పక్కనున్నావు కాబట్టి విన్నావు. దాని కష్టం మైకులో చెప్పి నువ్వు మెప్పు తెచ్చుకుంటావేంటి? అమ్మ చావుకి ఒకసారి అయింది కదా. చాల్లే." మళ్ళీ నడవడం మొదలుపెట్టాక, కొంచెం మెత్తబడి, "చెప్పాలనుంటే అదే చెప్పుకుంటుంది. లేదంటే లేదు" అన్నారు.

నా చెవులు వేడెక్కాయి. కానీ ఆమె మాట కాదనలేదు. క్రిస్మస్ రోజు నన్ను ముందుకు పిలిచినప్పుడు గొర్రెల కాపరుల భాగం చదివి, అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. "మస్కట్ నుంచి వచ్చి ఇంతేనాండీ?" అని వెనక నుంచి ఒకావిడ అంది. నా పక్కనే కూర్చున్న కుమారి వెనక్కి తిరిగి, "పలావు చల్లారకుండా ముగించింది, సంతోషించండి" అంది.

రూతమ్మగారు ఈ ఏడు వానాకాలంలో పోయారు. నేను వెళ్ళలేకపోయాను. ఆమెకు స్నానం చేయించినవాళ్ళలో కుమారి ఉందని తెలిసింది. ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్ళినా, ఏ పనమ్మాయి గదికి వెళ్ళినా ముందు గిన్నెలు కడుగుతాను, బట్టలు మడత పెడతాను, తర్వాతే కూర్చుంటాను. వాళ్ళు చెప్పుకున్నది అక్కడే వదిలి వస్తాను. సంఘంలో కొందరు, "ఇంతమందిని కలుస్తారు, ఒక్క మంచి సంగతైనా చెప్పరేంటండీ?" అని నిష్ఠూరమాడతారు. వాళ్ళను అడిగి చెప్తానండి అంటాను. అడిగితే చాలామంది వద్దంటారు.

ఇది రాసే ముందు కుమారికి ఫోను చేశాను. రూతమ్మగారి గురించి రాస్తున్నానని, ఆ రోజు పెరట్లో జరిగింది కూడా రాయాలని ఉందని, ఒప్పుకుంటేనే రాస్తానని చెప్పాను. "రాసుకో అక్కా. నేను ఏడ్చేనని మాత్రం రాయకు, నేనేడవలేదు" అంది.

నిజమే. కుమారి ఏడవలేదు.