ఆ మధ్యాహ్నం నేను పంపిన అలర్ట్

బాన్సువాడలో మా కిరాయి ఇంటి ముందు గదే నా ఆఫీసు. నేను పనిచేసే క్రీడా మీడియా కంపెనీ చాలా పెద్దది. ముంబైలో దాని భవనం ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. క్రికెట్ జరుగుతుంటే ప్రతి బంతికీ తెలుగులో ఒకటి రెండు వాక్యాలు రాసి యాప్‌లో పెట్టడం నా పని. పెద్ద సంగతి ఏదైనా జరిగితే అలర్ట్ పంపాలి. అది ఎందరి ఫోన్లలోనో ఒకేసారి మోగుతుంది. మిగతా యాప్‌లకంటే ముందు మాది మోగాలి. ఎవరెంత ఆలస్యం చేశారో రోజూ సాయంత్రం పట్టిక వస్తుంది. కరెంటు పోతే నాకు గుండె ఆగినంత పనవుతుంది. నెట్ నెమ్మదిస్తే ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తుతాను. ఆట చూసి సంతోషపడటం ఎప్పుడో మరిచిపోయాను.

నిజాంసాగర్ వైపు ఒక ఊరి అమ్మాయి రాష్ట్ర మహిళల జట్టులో ఫాస్ట్ బౌలర్. ఆమె ఎంపికైనప్పుడు కథనం కోసం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి లేడు. తల్లి నాట్లకు, కలుపులకు కూలికి పోతుంది. ఆమెకు చదువు రాదు. పక్కింట్లో కిరాణా కొట్టు నడిపే ఆవిడ ఫోన్లో మా యాప్ పెట్టించి, "బిడ్డ ఆడే రోజు నేను రాసేదంతా దీంట్ల వస్తది పెద్దమ్మా, ఈ అక్కతోని చదివించుకో" అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

ఆ రోజు మ్యాచ్ హైదరాబాద్‌లో. నేను ఇంట్లోనే లైవ్‌లో చూస్తూ రాస్తున్నాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి మళ్లీ బౌలింగ్‌కు వచ్చింది. బ్యాటర్ నేరుగా, బలంగా కొట్టింది. బంతి వేసి ఇంకా నిటారుగా నిలబడని ఆ పిల్లకు చెవి పక్కన తగిలింది. పడిపోయింది. లేవలేదు. అందరూ చుట్టూ మూగారు. స్ట్రెచర్ వచ్చింది. "బౌలర్‌కు బంతి తగిలింది, బయటకు తీసుకెళ్తున్నారు" అని రాశాను.

వెంటనే హైదరాబాద్ నుంచి మా టీమ్ లీడ్ ఫోన్ చేశారు.

"అలర్ట్ ఏది? వేరేవాళ్లది వచ్చేసింది, పరిస్థితి విషమం అని."

"విషమం అని ఎవరూ చెప్పలేదు సార్. డాక్టర్ ఏమన్నదీ..."

"వాళ్లు వేశారు కదా. ముందు పంపండి, తర్వాత మార్చుకోవచ్చు."

ఆ తల్లి నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. అయినా 'పరిస్థితి విషమం' అనే టైప్ చేసి నొక్కాను. నొక్కిన మరుక్షణం, ఆ తల్లికి ఇంకా చెప్పొద్దనడానికి కిరాణా కొట్టు ఆవిడకు ఫోన్ చేశాను.

"నేనే జెప్పిన అక్కా. నువ్వు రాసినవ్ గదా అని నాట్లేసే కాడికి ఉరికి జెప్పిన. ఎవరిదో బండెక్కి బాన్సువాడ బస్టాండుకు వోయింది. హైదరాబాద్ పోతదంట. ఫోన్ గూడ తీస్కపోలే."

మ్యాచ్‌ను ఇంకో సహోద్యోగికి అప్పగించి బస్టాండుకు పరిగెత్తాను. చాలాసేపటికి ఆమె వచ్చింది. మోకాళ్లదాకా బురద ఎండిపోయి ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"నువ్వే రాసినవంట. నా బిడ్డ పానంతోనున్నదా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా."

"తెల్వకుంటే ఎట్ల రాసినవ్?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. కథనం రాసినప్పుడు తీసుకున్న జట్టు మేనేజర్ నంబరు ఉంటే చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ఇంతలో హైదరాబాద్ బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. ఆమెను ఒక్కదాన్నే పంపలేక నేనూ ఎక్కాను. ఆమె కిటికీ కడ్డీ వదలకుండా కూర్చుంది. నేను ఫోన్ తెర మీద నుంచి కళ్లు తీయలేదు.

ఎల్లారెడ్డి దాటాక మేనేజర్ ఫోన్ చేసింది. దవాఖానలో ఉన్నామని చెప్పి, అమ్మాయికే ఇచ్చింది. నేను ఆ తల్లి చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, మంచిగనే ఉన్న. తలకాయ నొస్తుంది. స్కానింగ్ తీసిండ్రు, ఫికర్ లేదన్నరు."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

అప్పుడు చూశాను లీడ్ మెసేజ్: "మన అలర్ట్ బాగా వెళ్లింది." బస్సులోనే ఇంకో అలర్ట్ రాశాను. ఆ అమ్మాయి క్షేమంగా ఉందని, ఇంతకుముందుది నిర్ధారించుకోకుండా పంపామని, క్షమించమని. పావుగంటలో లీడ్ నుంచి ఫోన్.

"క్షమించమని ఎవరు రాయమన్నారు? మెల్లగా మార్చేస్తే సరిపోయేది కదా."

"నిజం అదే సార్."

హైదరాబాద్‌లో దవాఖాన గేటు దగ్గర ఆ తల్లి లోపలికి పోతూ వెనక్కి తిరిగి, "ఇగ నువ్వు ఇంటికి పో బిడ్డా, మీవోళ్లు ఎదురుచూస్తరు" అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నెలరోజులు నాకు అలర్టులు పంపే అనుమతి తీసేశారు. ఉద్యోగం కూడా పోతుందనుకున్నాను, పోలేదు. ఆ అమ్మాయి కోలుకుని మళ్లీ బౌలింగ్ మొదలుపెట్టింది. ఆమె మ్యాచ్‌లు నాకు వద్దని లీడ్‌ను అడిగి, నేను రాసే ప్రతి మాటా వాళ్లమ్మ చదివించుకుంటుందని కారణం చెప్పాను. ఆయన వాటిని వేరొకరికి ఇచ్చారు. ఇప్పుడు అనుమతి తిరిగి వచ్చింది. "ఎవరు చెప్పారు?" అని అడగందే నేను ఏదీ పంపను. జవాబు వచ్చేదాకా మాత్రం నా వేలు ఇంకా పంపే బటన్ మీదే ఉంటుంది.