నీలం సూటులో జిగ్మంట్

జిగ్మంట్ వ్రోనాను శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు అతని భార్య హలీనా అతనికి నీలం బట్టలు వేయించింది. హామిల్టన్‌లో ఒక పెళ్ళాం మొగుడికి చేయగల ద్రోహం ఇంతకన్నా పెద్దది లేదు.

సూటు ముదురు నీలం. చొక్కా లేత నీలం. టై మీద రెండు నీలాల చారలూ ఉన్నాయి. అచ్చంగా టొరంటో ఫుట్‌బాల్ జట్టు రంగులు. టొరంటో కారులో గంట దూరం. ఏ దూరదేశపు శత్రువు మీదా లేనంత కక్ష హామిల్టన్‌కు ఆ పక్క ఊరి మీద ఉంది.

హలీనాకు ఆ సంగతి తట్టలేదు. శుక్రవారం పొద్దున పెరట్లో మడత కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయినప్పటినుంచి ఆమెకు ఏదీ తట్టడం లేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. ఇరుగుపొరుగు తెచ్చిన వంటలు ఫ్రిజ్‌లో సర్దింది. ఏడుపు రాలేదు, రాలేదని బాధా కలగలేదు. అంత్యక్రియలు జరిపే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు బట్టలు పంపమంటే బీరువా తెరిచింది. బూడిదరంగు సూటు పొట్ట దగ్గర పట్టదు. కూతురు తన పెళ్ళికి పోరుపెట్టి కుట్టించిన నీలం సూటు పడుతుంది. తెల్ల చొక్కా కాలరు పసుపెక్కింది. టొరంటో అల్లుడు వేళాకోళానికి పంపిన చొక్కా, టై మాత్రం డబ్బాలో మడత విప్పకుండా ఉన్నాయి. చేతికందినవి సంచిలో పెట్టి పంపేసింది.

జిగ్మంట్ ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు క్రేన్ నడిపాడు. మిగిలిన బతుకంతా టైగర్-క్యాట్స్ ఫుట్‌బాల్ జట్టుకు ధారపోశాడు. ఆ జట్టు రంగులు నలుపూ పసుపూ. షోరూములో నీలం కారు తప్ప లేదంటే, వేరే రంగు వచ్చేదాకా ఏడు వారాలు బస్సులో డ్యూటీకి పోయాడు. హలీనా పుట్టింది టొరంటోలోనే. పెళ్ళికి వాళ్ళ నాన్న ఆరు నీలం పళ్ళాలు బహూకరిస్తే "అయ్యో, ఎందుకు మామయ్యా ఇవన్నీ" అంటూ వినయంగా పుచ్చుకుని, కుక్కకు తిండి వాటిలోనే పెట్టాడు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే నాడు రెండూళ్ళకూ మ్యాచ్. ఆ రోజు తెల్లారకుండానే లేచి బంగాళదుంప కూరిన పియెరోగీలు తానే వండి స్టేడియానికి పట్టుకెళ్ళేవాడు. ఓడిపోతే రెఫరీని, కోచ్‌ని, గాలిని వరసగా తిట్టి, చివరికి భార్య పుట్టింటిని తిట్టేదాకా వచ్చేవాడు. పై అంతస్తులో ఉన్నా వినపడేది. ఈ ఏడు ఆ మ్యాచ్ ఇంకా పది రోజులుందనగా పోయాడు.

ఆఖరి చూపులకు రెండింటికి తలుపులు తెరిచారు. స్టేడియంలో ముప్పై ఏళ్ళు జిగ్మంట్ పక్క సీట్లో కూర్చున్న లోర్న్ అందరికన్నా ముందొచ్చాడు. టోపీ తీసి వంగి చూశాడు. మళ్ళీ టోపీ పెట్టేసుకున్నాడు.

"చెల్లెమ్మా, ఏంటిది?"

"ఏంటన్నయ్యా?"

"వీడికి టొరంటో బట్టలేశారేంటి?"

అప్పుడు చూసింది హలీనా. చూసినా ఏమీ అనిపించలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. జిగ్మంట్ అక్క బ్రోన్యా ఆ లెక్కన ఒకటిన్నర మొగుడు.

"నలభై రెండేళ్ళు ఓపిక పట్టి, చివరికి నీ పుట్టింటి రంగు పులిమి పంపిస్తున్నావన్నమాట!"

"చూసుకోలేదు వదినా."

"చూసుకోలేదా? ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లాడిక్కూడా తెలుస్తుందే!"

లోర్న్ ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. "రేపు తొమ్మిదింటికి మూతేస్తారు. కారులో నా జెర్సీ ఉంది. నాలుగు నుంచి ఆరు దాకా చూపులు ఆపుతారుగా, అప్పుడు మారుస్తామంటున్నారు వీళ్ళు. కానీ నువ్వే చెప్పాలట. వద్దంటే నీ ఇష్టం. కానీ వాణ్ణి ఇలా మాత్రం నేను మోయలేను చెల్లెమ్మా. పెట్టె ఇంకెవరిచేతైనా ఎత్తించుకో."

అతను బెదిరించడం లేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. హలీనా ఆ నీళ్ళవైపు వింతగా చూసింది. పోయిన మనిషికి నీలమైతేనేం, పసుపైతేనేం? వేయమంటే వేస్తారు, వద్దంటే మానేస్తారు.

"ఐదు నిమిషాలు నన్నొదిలెయ్యండి," అంది.

నాలుగింటికి అందరూ నడవలోకి వెళ్ళి తలుపు వేశారు. హలీనా పెట్టె పక్కన నిలబడింది. టై వంకరగా ఉంటే సరిచేసింది. ఊరికే, అలవాటు కొద్దీ అంది:

"చూశావా జిగీ, నీకేం బట్టలేశానో."

ఆగింది. నిజంగానే జవాబు కోసం ఆగింది.

"టొరంటో రంగు. లేతదీ ముదురుదీ, రెండూను. నీ అల్లుడు పంపిన టై."

దీపాల పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నలభై రెండేళ్ళలో ఆమె ఆ ఇంట్లో పొరపాటున కూడా అనని మాట ఒకటుంది. నడవలో బ్రోన్యా ఉందని తెలిసీ గొంతెత్తి అనేసింది.

"ఈసారి లేబర్ డేకి టొరంటోయే గెలుస్తుంది. నలభై పాయింట్ల తేడాతో గెలుస్తుంది! వింటున్నావా?"

మళ్ళీ ఆగింది. అతని మొహంలోకి చూస్తూ చాలాసేపు ఆగింది. తరువాత పెట్టె అంచు పట్టుకుని అలాగే కిందికి కూలబడింది.

తలుపు తోసుకుని లోర్న్ జెర్సీతో పరుగెత్తుకొచ్చాడు.

"మార్పించు అన్నయ్యా," హలీనా వెక్కి వెక్కి ఏడుస్తోంది, "తొందరగా మార్పించు. ఎన్ని అన్నా ఆయన ఒక్క మాట అనట్లేదు."