దర్జీ అత్త మోటారు సైకిల్

మెడలో కొలతల టేపు తియ్యకుండానే మోటారు సైకిలెక్కుతుంది దర్జీ అత్త. వెనక ఆమె భుజం పట్టుకుని కూర్చునేది కుంటికాలి మొగుడు. బండికి వాళ్ల పెళ్లంత వయసు. వీధి చివరి ఎత్తుకి ఇద్దరినీ లాగలేక అది రొప్పుతుంటే, ఆయన దిగిపోయి కుంటుకుంటూ ఎక్కేవాడు. మధ్యలో టీ కొట్టు దగ్గర జనం రోజూ ఇకిలించేవాళ్లు. చివరికి అత్తకి ఒళ్లు మండి, ఇంజన్లో పాత సిలిండర్లు పీకేసి పెద్దవి వెయ్యమని మెకానిక్‌కి చెప్పింది.

"ముసలి బండికి పెద్ద సిలిండర్లెందుకత్తా? కొత్తది కొనుక్కో," అన్నాడు మెకానిక్.

"మీ మామకి కాలు పోయిందని కొత్త మొగుణ్ణి తెచ్చుకున్నానా? బిగించు!"

ఇవాళ ఎత్తు మొదట్లో ఆయన అలవాటుగా దిగబోయాడు. "దిగావంటే చూడు!" అంటూ గేరు మార్చింది. బండి గర్జిస్తూ టీ కొట్టు దాటి పైకెక్కేసింది. అత్త అక్కడితో ఊరుకోలేదు. పనేమీ లేకపోయినా బండి తిప్పి కిందికొచ్చి, కొట్టు దగ్గర వాళ్లంతా చూస్తుండగా, మొగుడితో సహా మళ్లీ ఎక్కింది.