నాకు ఉద్యోగం, మా ఆవిడకు కాంట్రాక్టు

దాచేపల్లిలో మాది రేకుల షెడ్ల పని. గేట్లు, మెట్లకు రెయిలింగులు, మిరపకాయలు దాచుకునే గోదాముల పైకప్పులు, ఎవరేది అడిగితే అది చేసేవాళ్లం. సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాదికోసారి బట్టీ ఆపి మరమ్మతులు చేయించినప్పుడు వెల్డింగు కాంట్రాక్టు కూడా నాకే వచ్చేది. నా దగ్గర ముగ్గురు పనివాళ్లు. వాళ్లలో పెద్దాయన్ని అందరం చాచా అంటాం. నాకు పని నేర్పింది ఆయనే.

పోయినసారి మరమ్మతులు ముగిసిన రోజు ఫ్యాక్టరీ మేనేజరు నన్ను పిలిచి టీ ఇప్పించాడు.

"వెల్డరు పోస్టు ఖాళీ అయింది. పర్మినెంటు. పదిరోజుల్లో ఏ సంగతో చెప్పు" అన్నాడు.

ఆ సంతోషంలో టీ గ్లాసు చేత్తో పట్టుకునే గేటు దాకా నడిచొచ్చాను. వాచ్‌మన్ నవ్వి గ్లాసు తీసుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి సంతోషం కాస్తా గుబులైంది. నలభై దాటాక ఎండలో ఇనప కమ్మీల మీద పాకుతుంటే మోకాళ్లు ఏడుస్తున్న మాట నిజమే. కానీ పొద్దున లేచి ఏ ఊరు పోవాలో నాకు నేనే చెప్పుకునేవాణ్ని. గురజాల బస్సులో పోతూ "అదిగో, ఆ షెడ్డు నేనేసిందే" అని మా ఆవిడకు ఎన్నిసార్లు చూపించానో. అన్నింటికీ మించి ఆ ముగ్గురూ ఏమైపోతారు?

చాచాకు చెబితే, "చేరయ్యా, ఎవురన్నా వొదులుకుంటారా?" అన్నాడు. అని, అప్పటికే నున్నగా ఉన్న గేటును సాయంత్రం దాకా రుద్దుతూనే ఉన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున దోసెలు పోస్తూ మా ఆవిడ నా సణుగుడు విని విని విసిగిపోయింది.

"ఏందయ్యా నీ గోల? ఫోన్లు ఎత్తేది నేను. అచ్చంపేట షెడ్డుకు కొలతలు తీసింది నేను. రేకుల కొట్టాయనతో పోట్లాడేది నేను. నువ్వు చేసేది వెల్డింగేగా? అది చాచా నీకంటే బాగా కొడతాడు. నువ్వు డ్యూటీకి పో. కాంట్రాక్టు నేను చూసుకుంటా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"షెడ్డు పైకెక్కి చూడాల్సి వస్తే?"

"ఎక్కుతా. డాబా మీద మిరపకాయలు ఎండబోసేది ఎవరు, నువ్వా?"

చాచా ఒప్పుకోడనుకున్నాను. ఆయన గడ్డం గోక్కుని, "బేటీ కొలత ఎప్పుడన్నా తప్పిందా? నీది రెండుసార్లు తప్పింది" అన్నాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. అలా తేలిపోయింది నా ఉద్యోగం.

మొదట్లో ఫ్యాక్టరీ నాకు వింతగా ఉండేది. సైరను మోగాక కూడా పని వదల్లేకపోయేవాణ్ని. "అన్నా, షిఫ్టు అయిపోయింది, మిగతాది వాళ్లు చూసుకుంటారు" అని పక్కవాడు నా చేతిలోంచి వెల్డింగు హోల్డరు లాక్కునేవాడు. పొద్దుండగానే ఇల్లు చేరి, ఏం చేయాలో తోచక, గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్లను పలకరించేవాణ్ని. చానా హాయిగా ఉండేది.

మా ఆవిడకు మొదటి పని గురజాల దగ్గర ఒక రైతు పశువుల కొట్టం. అక్కడ జరిగింది చాచా చెప్పాడు. రైతు ఈమెను చూసి, "మీ ఆయన ఏడమ్మా?" అన్నాడట.

"డ్యూటీకి పోయాడు. ఈ టేపు కొస పట్టుకోండి బాబాయ్" అందట. ఆయన పట్టుకున్నాడు. రేకుల వాలు ఆయన అనుకున్న వైపు పెడితే వాన నీళ్లన్నీ గడ్డివాము మీద పడతాయని ఆమే కనిపెట్టి, వాలు రెండో వైపుకు మార్పించిందట.

నా సెలవు రోజున చూడటానికి వెళ్లాను. కొత్త రేకులు ఎండకు మెరిసిపోతున్నాయి. ఆమె తలకు తువ్వాలు చుట్టుకుని నిచ్చెన దిగుతోంది.

"ఊరికే నిలబడకపోతే ఆ గేటుకు రెండు మడతబందులు వెల్డింగు కొట్టరాదూ?" అంది నన్ను చూడగానే.

కొట్టాను. ఇంతలో రైతు మజ్జిగ చెంబుతో వచ్చి, "మేస్త్రీ గారూ, గేటుకు ఏ రంగేద్దాం?" అన్నాడు. జవాబు చెప్పబోతూ తలెత్తాను. ఆయన నా వైపు చూడటమే లేదు.

"నీలం" అంది మా ఆవిడ, చెంబు అందుకుంటూ.