పదహారు గళ్ళలో బాబాయి అక్షరాలు

మా బాబాయి పోయిన పదో రోజున, చేలో ఆయన సమాధికి పెట్టాల్సిన పేరు రాయి చెక్కించడానికి దాచేపల్లి దారిలో ఉన్న రాళ్ళ దుకాణానికి వెళ్ళాను. దుకాణం ఆయన మర్యాదగా కుర్చీ వేసి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, ఏ ఫాంటు కావాలో చూసుకోమన్నాడు. పేరు టైపు చేస్తే చాలు, మిషను గంటలో చెక్కేస్తుందట. ఆయన ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూనే ఉన్నాడు, నాకేమో కళ్ళు చెమర్చి ఏదీ సరిగ్గా కనపడటం లేదు. అన్ని రకాల్లో మా బాబాయి రాత లేదు. ఉండాల్సిందే, నా మూలంగానే లేకుండా పోయింది. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. మీరంతా నా ఈడు వాళ్ళు గనుక మీతో చెప్పుకుంటున్నాను.

నాన్న నా చిన్నతనంలోనే పోతే నన్ను మాచర్లలో బాబాయీ పిన్నీ పెంచారు. వాళ్ళకి పిల్లల్లేరు. బాబాయి నాపరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. రాయిని నీళ్ళతో కడిగి, జాజులో, అంటే ఎర్రమట్టి నీళ్ళలో, ముంచిన దారాన్ని రెండు కొసలా బిగించి పట్టి టప్పున వదిలితే ఎర్రటి గీత పడేది. అలా నిలువుగా, అడ్డంగా గీతలు వేసి, ఆ గళ్ళ మీద అక్షరం గీసుకుని అప్పుడు ఉలి పట్టేవాడు. బడుల శంకుస్థాపన రాళ్ళు, బావుల దగ్గర దాతల పేర్లు, సమాధి రాళ్ళు... ఏ ఊరు వెళ్ళినా ఆయన 'ల'ని నేను దూరం నుంచే గుర్తుపట్టేవాణ్ణి. దాని కొస కాస్త కిందికి వాలి, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగిపోయేది.

నేను గురజాల హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేరిన కొన్నాళ్ళకి బడికి ఓ చిన్న కంప్యూటరు వచ్చింది. కంప్యూటరంటే కీబోర్డే, దాన్ని టీవీకి తగిలించాలి, రాసింది దాచుకోవాలంటే మామూలు పాటల క్యాసెట్టులోకే ఎక్కించాలి. దానికి ఇంగ్లీషు తప్ప మరో అక్షరం రాదు. కానీ మనకు కావలసిన అక్షరాన్ని గళ్ళ కాగితం మీద చుక్కలుగా నింపి, ఒక్కో వరసనీ అంకెగా మార్చి చెబితే, ఆ బొమ్మని తెర మీద చూపిస్తుంది. దాంతో వచ్చిన పుస్తకంలో గళ్ళు అన్న మాట చదవగానే నాకు బాబాయే గుర్తొచ్చాడు.

ఆ వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు గారిని బతిమాలి దాన్ని ఇంటికి తెచ్చాను. అప్పటికే బాబాయికి చెయ్యి వణకడం మొదలై, ఉలి పక్కకి జారి రెండు రాళ్ళు పాడయ్యాయి. తెర మీద నేను వేసిన 'అ'ని చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"ఇదన్నా వణక్కుండా రాసిద్దా?"

రాస్తుందన్నాను. తన వెనక ఈ రాత రాసేవాడు ఎవడూ లేడనీ, ఈ పెట్టెలో పెడితే ఉంటుంది గదా అనీ అన్నాడు. పెడతానని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఆ నలభై రోజులూ మా ఇంట్లో గళ్ళ కాగితాలు తప్ప మరో ధ్యాస లేదు. ఎనిమిది గళ్ళలో మన గుండ్రటి అక్షరం ఇమడదని పదహారుకి పదహారు పెట్టుకున్నాం. బాబాయి వసారా చివరకు పోయి, కళ్ళు సగం మూసి టీవీ వైపు చూసి, ఆ పై వరసలో ఒక చుక్క తీసెయ్యమనేవాడు. తీస్తే, ఏం చెప్పమంటారు, అక్షరానికి ప్రాణం వచ్చేది! 'ల' కొస దగ్గర మాత్రం నాలుగు రోజులు పేచీ పడ్డాం. చివరికి ఒక చుక్కని ఓ గడి కిందికి జరిపితే ఆయన నవ్వాడు. పిన్ని ఇద్దర్నీ కలిపి తిడుతూ మజ్జిగ ఇచ్చి పోయేది. అన్నీ అయ్యాక క్యాసెట్టులోకి ఎక్కించి, మీద బాబాయి పేరు రాసి, గూట్లో పెట్టాను.

ఓ రోజు నేను ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఆయనకి తన అక్షరాలు ఎలా ఉన్నాయో వినాలనిపించింది. టేప్ రికార్డరులో వేసుకున్నాడు. కంప్యూటరు ఎక్కించింది టేపులో వింటే కీచుమనే రొద తప్ప ఏముంటుంది! పాడైపోయిందని హడలిపోయి, నాకు తెలిస్తే బాధపడతానని, రికార్డు చేసే రెండు మీటలూ కలిపి నొక్కి, అ నుంచి మొదలుపెట్టి అక్షరాలన్నీ తన గొంతుతో మళ్ళీ చదివి పెట్టాడు. నేను రాగానే చిన్నపిల్లాడిలా ఎదురొచ్చాడు.

"చెడిపోయినయ్ రా అబ్బాయ్. అన్నీ నేనే చెప్పి పెట్టినా."

ఆయన గొంతు ఎక్కిన మేరా మా నలభై రోజుల పని చెరిగిపోయింది. నా నోరు పడిపోను. ఉలి పట్టేవాడివి ఉలి పట్టుకో, మిషను జోలికి నీకెందుకు అన్నాను. ఆయన తల వంచుకుని వసారాలోకి పోయాడు. గళ్ళ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, కూర్చుంటే నెల రోజుల్లో మళ్ళీ ఎక్కించేవాణ్ణే. కానీ కోపంగా కాగితాలూ క్యాసెట్టూ కలిపి ట్రంకు పెట్టెలో పడేశాను. వచ్చే సెలవుల్లో చేద్దామనుకున్నాను. ఈలోగా బడి కంప్యూటరు మూలపడింది, నాకు నరసరావుపేట బదిలీ అయింది. బాబాయి ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినా బాగుండేది.

మొన్న రాళ్ళ దుకాణం నుంచి వచ్చి ట్రంకు తెరిచాను. అడుగు తుప్పు పట్టి, కాగితాలన్నీ చెదలు తినేసి మట్టి మిగిలింది. ఆయన చెక్కిన పాత రాళ్ళనైనా ఫొటోలు తీద్దామా అంటే, బడులు పడగొట్టి కొత్తవి కట్టారు, రోడ్లు వెడల్పు చేశారు; మా వీధి చివర మిగిలిన ఒక్క రాయీ పెయింటు పూసి పూసి పూడిపోయింది. క్యాసెట్టు మాత్రం బాగానే ఉంది. నరసరావుపేటలో పాత రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని మొదటిసారి విన్నాను. ఒక్కో అక్షరం ఆగి ఆగి, రాయి మీద గీస్తున్నంత నిదానంగా చదివాడు. 'ల' దగ్గర మరికాస్త ఆగాడు. అన్నీ అయ్యాక దగ్గి, గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు.

"ఏదీ పోలేదు రా అబ్బాయ్. చూసుకో."

అక్కడే ఏడ్చేశాను. రేడియోల ఆయన పాపం మంచినీళ్ళిచ్చి, క్యాసెట్టు ఇంకోసారి వెయ్యమంటారా అని అడిగాడు.

ఇప్పుడు ఎవరికి నచ్చిన అక్షరం వాళ్ళ ఫోనులోనే ఉంటోంది, మంచిదే. రాయి ముందు ఆగి, ఇది ఫలానా వాళ్ళ చెయ్యి అనుకునేవాళ్ళే లేరు. చివరికి ఆ దుకాణం మిషను చెక్కిన రాయినే చేలో నిలబెట్టించాం. దగ్గరకెళ్ళి బాబాయి పేరు మీద వేలు పెట్టి చూశాను. ఒక్క గీతా వణకలేదు. ఆయన అడిగింది అదే, కానీ అడిగింది తన అక్షరాల కోసం.